బంతిపాటకు కోపం లేదు

పెళ్లి భోజనాల బంతిలో పాడిన పాటకు ఎవరూ కోపగించుకోకూడదని కౌలాలంపూర్‌కు ఉత్తరాన ఉన్న సుంగై సుమున్ ప్రాంతపు తెలుగువాళ్లలో ఒక నమ్మకం ఉంది. వియ్యపురాలిని గయ్యాళి అన్నా, పెళ్లికొడుకు తండ్రిని పిసినారి అన్నా, ఆకు ముందు కూర్చున్న మనిషి నవ్వాలి. నవ్వి ఊరుకుంటే చాలదు. పాడినవాళ్లు చరణం చివర 'అవునా మావా, కాదా మావా' అని అడిగితే, బంతి అంతటికీ వినబడేలా 'అవునవును' అని ఒప్పుకోవాలి. ముఖం ముడుచుకున్నవాడు తన ఇంటి పరువు తానే తీసుకున్నట్టు లెక్క. తాతల కాలంలో ఓడల్లో వచ్చిన ఈ మర్యాద రబ్బరు తోటల్లో బతికింది, రబ్బరు కొట్టేసి ఆయిల్ పామ్ నాటాక కూడా బతికింది, తోట కూలీల లైను ఇళ్లు ఖాళీ అయ్యాక కల్యాణ మండపాల్లోకి వచ్చి చేరింది. దాని వెనక ఎవరూ పైకి అనని మరో నమ్మకం ఉంది: బంతిలో ఎంతటి నిజమైనా చెప్పవచ్చునని. దాన్ని ఎవరూ పరీక్షించి చూసిన దాఖలా లేదు.

గురువారం మధ్యాహ్నం యోగేశ్వరి స్కూలు పిల్లలందరినీ దింపేసి, వ్యానును ఇంటి ముందు నీడలో పెట్టి, వెనక తలుపు ఎత్తి జముకు తీగ బిగిస్తోంది. ఆ జముకు వాళ్ల బ్యాండులో వాయించిన సన్యాసిది. పెద్ద బిస్కెట్ల డబ్బాకు ఒక పక్క మేకతోలు బిగించి, తోలు మధ్యలోంచి నరానికి బదులు గిటారు తీగ లాగి, తీగ రెండో కొసకు రంబుతాన్ చెట్టు కొమ్మ పిడి కట్టుకున్నాడు. డబ్బాను చంకలో ఇరికించి, పిడి లాగుతూ తీగ మీటితే తోలు గుమ్ముమంటుంది. లాగిన కొద్దీ స్వరం పైకి పోతుంది. కుమరన్ వాయించే ఇంగ్లీషు కంట్రీ పాటల గిటారు కింద, రైలు చక్రాల్లా పరుగెత్తే ఉదయ్ డ్రమ్ము పక్కన, ఆ గుమ్ము ఎవరికీ లొంగని ముసలివాడి గొణుగుడులా నడిచేది. 'ఆరో లైను' బ్యాండును జనం ముందుగా గుర్తుపట్టేది ఆ చప్పుడుతోనే.

సన్యాసి పెద్దకర్మ కిందటి వారమే అయింది.

"అంత బిగించకక్కా, తెగిపోద్ది," అన్నాడు ఉదయ్. అతను లారీ మెకానిక్కు. ఏ మరను ఎంతవరకు తిప్పాలో చేతికి తెలిసినవాడు.

"తెగనీ."

కుమరన్ మెట్టు మీద కూర్చుని గిటారు పెట్టెకు ఎవరో అంటించిపోయిన ఫోన్ల దుకాణం ప్రకటనను గోరుతో గీకుతున్నాడు. వాళ్ల పెట్టెల మీద కంపెనీ పేరు గానీ, సంఘం పేరు గానీ, పార్టీ గుర్తు గానీ ఉండకూడదు. అది సన్యాసి పెట్టిన నియమం. లారీల్లో పాత క్యాసెట్లు విని కంట్రీ పాట నేర్చుకున్న తమిళుడు కుమరన్ దాన్ని ఆ సంగీతంతోపాటు వచ్చిన పద్ధతి అనుకునేవాడు. సన్యాసిని అడిగితే మాత్రం "ఒకడి టోపీ పెట్టుకుంటే, పాటలో ఆడిని తిట్టేదెలాగ?" అనేవాడు. అందుకే వాళ్ల పాటలేవీ ఏ కంపెనీ ద్వారానూ రాలేదు. అన్నీ ఈ వ్యానులోనే, కిటికీలకు పాత పరుపులు అడ్డం పెట్టుకుని, రికార్డు చేసినవే.

తెల్లటి పికప్ బండి వచ్చి ఆగింది. తోటలో గెలల కోత కాంట్రాక్టరు మాణిక్యం దిగాడు. కూలీలకు అతను తౌకే, అంటే యజమాని. జిల్లా తెలుగు సంఘానికి అధ్యక్షుడు.

"ఏటి యోగీ, ప్రాక్టీసు జోరుగా ఉన్నాదే! శనివారం మర్సిపోలేదు కదా? మా అమ్మాయి కోగిలవాణి పెళ్లి. మా వియ్యంకుడు ఆంధ్రా నుంచి వచ్చినారు. మీ వీడియో సూసి, ఈళ్లు పాడకపోతే ఆకు ముందు కూసోనన్నారు."

"జముకు వాయించేవోడు లేడు కదన్నా."

"లేడు. ఏటి సేస్తాం, ఆడి రాత. తాగుడు మానరా అని ఎన్నిసార్లు సెప్పినాను? ఇన్నాడా?"

ఉదయ్ చూపు నేల మీదకు దించుకున్నాడు.

"పాట మాత్రం దంచండి. నన్నూ ఒదలొద్దు. బంతిపాటకు కోపం లేదు!" మాణిక్యం నవ్వాడు. పోబోతూ డబ్బావైపు వేలు చూపి, అక్కడివాళ్లందరి మాటలకూ అతుక్కునే 'లా' తగిలించి అన్నాడు. "ఆ ఒక్కటీ తేకు లా. సచ్చినోడి సామాను పెళ్లికి మంచిది కాదు. బాగా పాడితే కౌలాలంపూర్‌లో సంఘం పండగ స్టేజీ మీదే. నేను సెప్తాను ఆళ్లకి."

బండి మలుపు తిరిగింది.

"అక్కా, కౌలాలంపూర్ స్టేజీ," అన్నాడు కుమరన్ మెల్లగా. "ఎన్నేళ్లు కల్లు దుకాణాల్లో వాయించినాం?"

"నువ్వెల్లు."

"నేనన్నానా, ఎల్తానని? ఊరికే సెప్పినాను లా."

సన్యాసి తాగేవాడు. అందులో దాపరికం లేదు. వాళ్ల పాటల్లో సగం దాని గురించే. అందుకే అతను తాగి పనికెక్కి, గెలలు కోసే కత్తి బిగించిన అల్యూమినియం గొట్టాన్ని కరెంటు తీగకు ఆనించి చచ్చిపోయాడని చెప్పినప్పుడు ఊరు క్షణం తడుముకోకుండా నమ్మింది. కాని ఆ పొద్దున సన్యాసి తోటలోంచి యోగేశ్వరికి ఫోను చేశాడు. వాన తెరిపిచ్చిన వేళ. "యోగీ, ఈ వరస వైరు కింద ఉన్నాది. గొట్టం తడి. ఎండెక్కినాక కోత్తానన్నాను. తౌకే ఇప్పుడే కొయ్యమంటన్నాడు. లేకపోతే రేపు పని లారీ ఎక్కొద్దంట." ఇంతే చెప్పి, కోగిలవాణి పెళ్లికోసం కట్టిన కొత్త పల్లవి పాడి వినిపించాడు, ఫోను మీద వేలితో తాళం వేస్తూ. తాగితే సన్యాసి తాళం జారిపోయేది. ప్రతి చరణం చివరా ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ పొద్దున ఒక్క దెబ్బ జారలేదు. ఈ సంగతి విచారణ అధికారికి చెబితే అతను మర్యాదగానే విన్నాడు. "మీరు ఫోనులో విన్నారు. పక్కన నిలబడి చూసినవాడు సుప్పయ్య. కల్లు వాసన వచ్చిందని అతను చెప్పాడు," అన్నాడు. తాళం మాట వచ్చినప్పుడు మాత్రం కొంచెం నవ్వాడు.

ఆ నవ్వు యోగేశ్వరి మరిచిపోలేదు. తీగను ఇంకో చుట్టు బిగించింది.

శుక్రవారం సాయంత్రం జముకు తీసుకుని సన్యాసి భార్య కన్నమ్మ దగ్గరికి వెళ్లింది. ఆరో లైనులో ఇంకా మనుషులున్న ఇళ్లలో సన్యాసి ఇల్లు ఒకటి. కన్నమ్మ గుమ్మంలో కూర్చుని, ఎండిన ఆయిల్ పామ్ ఆకుల ఈనెలు చీల్చి చీపురు కడుతోంది. కత్తి ఈనె పొడవునా జారుతుంటే ఆకు రెండు పక్కలకూ విడిపోతోంది. పక్కన సన్యాసి బూట్లు, మట్టి కూడా దులపకుండా, గోడకు ఆనించి ఉన్నాయి.

"కూసో. టీ పెడతాను."

"వద్దు వదినా. ఒకటి ఇను." యోగేశ్వరి గొంతు తగ్గించి, మాణిక్యం మీద కట్టిన చరణం పాడింది. తడి గొట్టం, తీగ, బెదిరింపు, అబద్ధపు సాక్ష్యం అన్నీ అందులో ఉన్నాయి.

కన్నమ్మ కత్తి ఆపకుండానే విన్నది.

"బాగున్నాది," అంది. "ఎక్కడ పాడతావు?"

"రేపు బంతిలో. అందరి ముందరా. ఆడు అవునని ఒప్పుకోవాల. ఒప్పుకోకపోతే మర్యాద తప్పినోడవుతాడు. ఎలాగైనా దొరికిపోతాడు."

"మా ఆయన నన్ను అప్పలసామి పెళ్లిలో దెయ్యమని పాడినాడు, గేపకముందా? మొగుణ్ణి సింతసెట్టుకి కట్టి కొట్టిందన్నాడు. అందరూ ఇరగబడి నవ్వినారు. నేనూ లేసి నిలబడి, అవునవునన్నాను." ఈనెను కట్టలో దోపింది. "మర్నాడు ఎవుడైనా వచ్చి ఏ సెట్టుకి కట్టినావని అడిగినాడా?"

"అది వేరు. అది అబద్ధం. ఇది నిజం."

"ఇనేవోళ్లకి తెలియాల కదే, ఏది ఏదో."

యోగేశ్వరికి కోపం వచ్చింది. భర్తను పోగొట్టుకున్న మనిషి ఇంత నిదానంగా చీపురు కట్టుకుంటూ కూర్చోవడం ఆమెకు భరించరానిదిగా తోచింది. "నువ్వు ఊరుకుంటావా అయితే? తాగి సచ్చినాడనే ఉండనిస్తావా?"

కన్నమ్మ మొదటిసారి కత్తి కింద పెట్టింది. "నేను ఊరుకున్నానా? సుప్పయ్య ఇంటికి నాలుగుమాట్లు ఎల్లినాను. తలుపు తియ్యలేదు. ఆడి పెళ్లాం కిటికీలోంచి సూసి, కర్టెను ఏసేసింది."

యోగేశ్వరి జముకు తీసుకుని లేచింది. టీ తాగలేదు.

కౌలా సెలంగోర్ మండపం బయట శనివారం ఉదయం నుంచే కార్లు బారులు తీరాయి. ముహూర్తం అయిపోయి మొదటి బంతి కూర్చునేసరికి ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నా పొడవాటి బల్లల మీది అరటాకులు కదలకుండా ఉండేందుకు మంచినీళ్ల గ్లాసులు బరువు పెట్టారు. వడ్డన మాణిక్యం కూలీలదే. తెల్ల చొక్కాలు తొడిగించి, నడుముకు తువ్వాళ్లు కట్టించి నిలబెట్టాడు. సుప్పయ్య చేతిలో సాంబారు బకెట్టు ఉంది. యోగేశ్వరిని చూడగానే అతను అవతలి వరసకు మారిపోయాడు.

జముకును చంకలో పెట్టుకుని ఆమె వేదిక పక్కకు రావడం మాణిక్యం చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. పక్కన వియ్యంకుడు ఉన్నాడు కాబట్టి ఏమీ అనలేదు.

పెళ్లికొడుకు వేణుమాధవ్ కౌలాలంపూర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. మొదటి చరణం అతనిదే. కుమరన్ గిటారు రెండు చుట్లు తిరిగింది, ఉదయ్ డ్రమ్ము అందుకుంది, యోగేశ్వరి తీగ లాగింది.

*కంప్యూటరు కాపలా మా పెళ్లికొడుకూ*
*కత్తి పట్టి గెల కొయ్యడు, కాయా కొయ్యడూ*
*అన్నం వండి పెడతడంటా ఆలి కోసమూ*
*నీళ్లు మరిగినాయో లేదో ఫోనునడిగెనూ*
*అవునా మావా, కాదా మావా?*

పెళ్లికొడుకు బిత్తరపోయి చూశాడు. వెనక నుంచి ఆడవాళ్లు "సెప్పు బాబూ, అవునను!" అని పొడిచారు. "అవునవును," అన్నాడు సిగ్గుపడుతూ. మండపం ఘొల్లుమంది. తర్వాత అతని తండ్రి ఉమామహేశ్వర రావు బట్టతల మీద ఒకటి. ఆయన లేచి నిలబడి, చేతులు జోడించి, "అవునవును, ముమ్మాటికీ అవును!" అన్నాడు. కళ్లజోడు తీసి నీళ్లు తుడుచుకున్నాడు.

యోగేశ్వరి మాణిక్యం వైపు తిరిగింది. తీగను ఎంత లాగిందంటే డబ్బా పక్కటెముకలకు గుచ్చుకుంది.

*తడిసినా గొట్టమిచ్చి తీగ కింద నిలబెట్టి*
*కొయ్యకుంటే రేపు లారీ ఎక్కొద్దన్నడూ*
*తాగనోడి నోట్లోన, సచ్చినాక కల్లు పోసి*
*తాగి సచ్చినాడంటూ సాక్ష్యం కొన్నడూ*
*అవునా మావా, కాదా మావా?*

మూడో పాదం దగ్గరే మొదలైంది నవ్వు. "సన్యాసి తాగనోడంట లా!" అని ఎవరో బల్లను కొట్టారు. "తాగనోడు! ఆడి కల్లు ముంత అడగండి!" అని ఇంకొకరు. పెరుగన్నం తింటున్న ముసలామెకు పొలమారింది, పక్కనున్నామె వీపు తట్టింది. ఫోన్లు పైకి లేచాయి. మాణిక్యం ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణమే, కదలకుండా ఉన్నాడు. అప్పుడు చుట్టూ కలియజూసి, నవ్వు సన్యాసి తాగుడు మీదే తప్ప తన మీద కాదని గ్రహించాడు. లేచి, రెండు చేతులూ పైకెత్తి, గోడలు అదిరేలా అరిచాడు.

"అవునవును! అంతా నేనే సేసినాను!"

ఈలలు వేశారు. చప్పట్లు కొట్టారు. ఉమామహేశ్వర రావు పక్కవాళ్లతో అన్నాడు: "ఎంత చమత్కారం, ఎంత ధైర్యం! మా దగ్గర ఈ పాటలు ఎప్పుడో పోయాయండీ. వీళ్లు కాపాడుకున్నారు." మాణిక్యం జరీ అంచు శాలువ తెప్పించి, ఫోన్లన్నీ చూస్తుండగా యోగేశ్వరి భుజాల చుట్టూ కప్పాడు. శాలువ కొస జముకు మీద పడింది. మోగుతున్న తీగ మూగబోయింది.

"కౌలాలంపూర్‌లో ఇదే పాడాల," అన్నాడు ఆమె చెవి దగ్గర. నోటి నుంచి వక్క వాసన వచ్చింది. అతని చెయ్యి ఆమె భుజం తట్టింది.

ఉదయ్ తరువాతి చరణానికి తాళం మొదలుపెట్టాడు, అలవాటు కొద్దీ.

"ఆపు."

"అక్కా?"

"ఆపమన్నాను. కుమరన్, నువ్వూ ఆపు."

ఆమె జముకును నేల మీద పెట్టింది. శాలువ తీసి దాని మీద వేసింది. మైకు చేతిలోకి తీసుకుంది. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఇది తరువాతి సరసానికి ఎత్తు అనుకున్నారు.

"ఇది పాట కాదు," అంది. గొంతు మామూలుగా ఉంది, ట్రిప్పుకు ఆలస్యమైన పిల్లవాడి తల్లితో మాట్లాడినట్టు. "సన్యాసి ఆ పొద్దు తాగలేదు. నాతో ఫోనులో మాటాడినాడు. వైరు కింద తడి గొట్టంతో కొయ్యనన్నాడు. మాణిక్యం అన్నా, నువ్వు కొయ్యమన్నావు. లేకపోతే రేపు లారీ ఎక్కొద్దన్నావు. ఆడు సచ్చినాక, తాగి సచ్చినాడని సుప్పయ్య సేత సెప్పించినావు. అవునా, కాదా?"

ఫ్యాన్ల చప్పుడు వినబడింది. ఒక పిల్ల అప్పడం కొరికింది. తల్లి దాని చెయ్యి పట్టుకుంది. ఎత్తిన ఫోన్లు ఒక్కటొక్కటే కిందికి దిగాయి.

"అవునా, కాదా?"

ఇందాక పాటలో ఉన్న మాటకూ ఈ మాటకూ తేడా లేదు. ఇందాక గోడలదిరేలా అరిచిన మాణిక్యం నోట మాత్రం ఇప్పుడు శబ్దం రాలేదు. "మైకు తీయండ్రా!" అన్నాడు చివరికి.

మైకు ఆగిపోయింది. ఆమె మైకు లేకుండానే మూడోసారి అడిగింది.

"చూడమ్మా," అన్నాడు ఉమామహేశ్వర రావు నొచ్చుకుంటూ. "ఇందాక ఎంత అందంగా చెప్పావు! అదే మాట ఇలా చెప్పడం సభ్యత కాదు. పెళ్లివారు భోజనం చేస్తున్నారు."

"ఒక మనిషి సచ్చిపోయినాడు బాబూ," అంది యోగేశ్వరి. "అది అందంగా లేదు." అవతలి వరసకు తిరిగింది. "సుప్పయ్య మావా, నువ్వు సెప్పు. వాసన వచ్చిందా?"

మండపమంతా సుప్పయ్యను చూసింది. అతను బకెట్టులోకి చూస్తున్నాడు. గరిటె బకెట్టులోకి జారి, సాంబారు చుక్కలు తెల్ల చొక్కా మీద పడ్డాయి. బకెట్టును జాగ్రత్తగా, ఒలక్కుండా, బల్ల కింద పెట్టాడు. వంటశాల గుమ్మంలోంచి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మాణిక్యం మనుషులు నలుగురు వచ్చి బ్యాండు సామాను ఎత్తి బయట పడేశారు. ఉదయ్ డ్రమ్ము అంచు పగిలింది. కుమరన్ గిటారును తానే కౌగిలించుకుని పట్టుకుని దిగాడు, దాన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. ముగ్గురూ వ్యాను ఎక్కారు. సబాక్ బెర్నం దాటాక కుమరన్ అన్నాడు:

"అక్కా, ఇంక మనల్ని ఏ పెళ్లికీ పిలవరు."

"తెలుసు."

"సరి లా," అన్నాడు. కిటికీలోంచి చూస్తూ, "ఆ శాలువ అక్కడే వదిలేసినావా?"

"ఆడి పెళ్లి, ఆడి శాలువ."

ఉదయ్ ఒక్కడే నవ్వాడు, అదీ చప్పుడు లేకుండా. యోగేశ్వరి నవ్వలేదు. ఆమెకు సుప్పయ్య వీపు కనబడుతూనే ఉంది. పారిపోయాడు, అనుకుంది. పాటలో చెబితే నవ్వారు, మాటలో చెబితే మైకు తీశారు. మిగిలిన ఒక్కడూ గుమ్మం దాటి పారిపోయాడు.

సోమవారం ఉదయం పిల్లలను స్కూలు దగ్గర దింపి ఆమె ఖాళీ వ్యానుతో తిరిగి వస్తుంటే, తోట మలుపు దగ్గర సుప్పయ్య నిలబడి చెయ్యి ఎత్తాడు. తల దువ్వుకున్నాడు. సాంబారు మరకలున్న అదే తెల్ల చొక్కా, ఉతికి వేసుకున్నాడు. మరకలు పూర్తిగా పోలేదు.

ఆమె బండి ఆపింది. ఇంజను ఆపలేదు.

"తెలుక్ ఇంతాన్ బస్సు ఎల్లిపోయింది," అన్నాడు. "దింపుతావా?"

"ఏటికి?"

అతను జవాబు చెప్పకుండా పిల్లలు కూర్చునే చిన్న సీటులో ఒదిగి కూర్చున్నాడు. మోకాళ్లు ఛాతీకి తగులుతున్నాయి. తోట దాటారు, కరెంటు తీగల వరస రోడ్డు పక్కన చాలా దూరం వెంట వచ్చింది. అతను వాటి వైపు చూడలేదు.

"వాసన రాలేదు," అన్నాడు. "అలాగ సెప్పకపోతే నాకు పని లేదన్నాడు."

యోగేశ్వరి కోపం అంతా నోటి దాకా వచ్చి అక్కడే ఉంది.

"నువ్వు పాడినప్పుడు," అన్నాడు సుప్పయ్య, "నేనూ నవ్వినానమ్మా. అందరితో పాటూ నవ్వినాను. బకెట్టు పట్టుకుని. పక్కన నిలబడి ఆడు కాలిపోడం సూసినోణ్ణి నేను."

తెలుక్ ఇంతాన్‌లో విచారణ అధికారి ఆఫీసు ముందు ఆమె వ్యాను ఆపింది.

సుప్పయ్య తన మొదటి వాంగ్మూలం అబద్ధమని చెప్పి, ఆ రోజే కొత్తది ఇచ్చాడు. మండపంలో మాణిక్యం 'అవునవును' అన్న వీడియోను అధికారి చూశాడు. అది పెళ్లి పాటలో భాగమని చెప్పి సాక్ష్యంగా తీసుకోలేదు. విచారణ తిరిగి మొదలైంది. సుప్పయ్యకు తోటలో పని పోయింది. కౌలాలంపూర్ సంఘం పండగలో మరో బృందం పాడింది. 'ఆరో లైను' బ్యాండుకు ముందే మాట్లాడుకున్న పెళ్లిళ్లన్నీ రద్దయ్యాయి. ఏడు నెలల తరువాత వచ్చిన నివేదికలో సన్యాసి మరణానికి కారణం తడిసిన గొట్టం కరెంటు తీగకు తగలడమని, మృతుడు ఆ సమయంలో మద్యం సేవించి లేడని రాశారు.